అంతర్జాతీయ సభలు - మన వలసజనము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కులాభివృద్ధికై కూడిన యీ సభలో విద్యార్థుల వసతిగృహమును గూర్చియో, వివాహవ్యయములను గూర్చియో ముచ్చటింపక, పరదేశ సంబంధములను గూర్చిన సభల ప్రసంగ మేల యని మీలో కొందఱు తలంపవచ్చును. ఆ సభలకును మన యింటి గడపకును గల సంబంధమును చూపుటయే నా యుద్దేశము.

మా ముత్తాతగారు కాకినాడ రేవున ఓడ యెక్కి “రంగము” పోయిరి. రంగూను పట్టణమును మన తీరమువారు రంగమనియే వ్యవహరించిరి. మేస్త్రీయొద్ద ముందుగా పైకము పుచ్చుకొని, ఆ ఋణము తీరువఱకు అచ్చటి రేవులో బస్తాలు మోసిరి. విశాఖపట్టణము, కళింగపట్టణము మొదలగు రేవులనుండియు నిట్లే పెక్కుమంది పోయిరి. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను పురజనులలో సగమునకు మించి భారతీయులే యుండిరి. మనవారిని అచ్చటివారు “కోరంగీలు” అనిరి. మన కోరంగి రేవు పేరు అచ్చట నిందావాచకమయ్యెను.

1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు సమ్మె చేసిరి. వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె ముగిసినంతనే ఆ బర్మీయులను పొమ్మనిరి. ఆ క్రోధము కొట్లాటయై మనవారు పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. మా యింట ఈ కథ చెప్పుకొన్నపుడెల్ల మనవారి దుఃఖమే చెప్పుకొంటిమి. బర్మీయుని మనసులో నేమున్నదో యని యెవ్వరును అడుగలేదు.

ఆ మనసులోని మాటను మన దేశమువారు ఎదుట కూర్చుండి వినిన సభ యొకటి కలదు. అది 1947 మార్చి 23 మొదలు ఏప్రిల్ 2 వఱకు ఢిల్లీలో జరిగిన ఆసియా సంబంధముల మహాసభ. 1943లో స్థాపింపబడిన ప్రపంచ వ్యవహారముల భారతమండలి దానిని సమకూర్చెను. హైదరాబాదున పుట్టి పెరిగిన సరోజినీదేవి అధ్యక్షత వహించిరి. పురానాఖిల్లాలో జవహర్‌లాల్ నెహ్రూగారు ప్రారంభోపన్యాస మొసగిరి. కడపటి దినమున గాంధీమహాత్ముడు ప్రసంగించిరి. మనదేశ మప్పటికి ఇంకను స్వతంత్రము కాలేదు.

అది ప్రభుత్వములు సంధులు చేసికొను సభ కాదు. విద్వాంసులును, ప్రజాసేవకులును చర్చాసంఘములుగా చేరి మాటలాడిన సభ. స్వాతంత్ర్యోద్యమములు, వ్యవసాయము, కార్మికుల స్థితి, స్త్రీల స్థితి మున్నగువానితోపాటు ఆసియా దేశముల నడుమ వలసలును చర్చకు వచ్చెను. తెల్లవారి యేలుబడి తొలగినపిమ్మట భారతీయుల యొక్కయు చీనీయుల యొక్కయు సంఖ్యాబలమును, ధనబలమును తమ చిన్నదేశములను ముంచివేయునేమో యని బర్మా, మలయా ప్రతినిధులు తమ భయమును తెలిపిరి. ఆ భయము నిరాధారము కాదు. 1930 తరువాతి ధాన్యపు ధరల పతనమున, దిగువ బర్మాలోని ముఖ్యమైన వరిజిల్లాలలో సుమారు నాల్గవవంతు భూమి అప్పుల క్రింద చెట్టియార్ల వశమయ్యెను. భూమి పోయిన రైతు షావుకారును చేరలేడు. వీధిలో కనబడినవాడు మన రేవుకూలీ. దెబ్బ వానికే తగిలెను.

తీర్మానములు లేని సభవలన ఫలమేమి యని అడుగుదురేమో. తీర్మానమున్నచోట ప్రతివాడును తన పక్షమును గెలిపింపనే చూచును. అది లేనిచోట ఎదుటివాని మాట వినుటకు తావుండును. లండనులోని చాతం హౌస్ అను సంస్థలో 1927 నుండి యొక నియమము కలదు: సభలో వినిన విషయమును వాడుకొనవచ్చును, కాని చెప్పినవారి పేరు బయటపెట్టరాదు. మనుష్యుడు నిర్భయముగా నిజము చెప్పుటకై యేర్పడిన నియమమది.

అయినను వినుట మొదటి మెట్టే. రెండవ మెట్టెక్కనిచో నేమగునో కూడ చరిత్రయే చెప్పుచున్నది. ఢిల్లీ సభకు తరువాయి సభ చీనాలో జరుగవలసియుండి, జరుగలేదు. 1955 ఏప్రిల్‌లో ఇండొనీషియాలోని బాండుంగ్ నగరమున 29 దేశముల ప్రభుత్వములు సమావేశమయ్యెను. ఆ దినములలోనే చీనా, ఇండొనీషియా ప్రభుత్వములు అచ్చటి చీనీయుల ద్వంద్వపౌరసత్వమును గూర్చి యొడంబడిక వ్రాసికొనెను. బర్మాలోని మనవారి కట్టి యేర్పాటు కుదురలేదు. 1962లో సైనికప్రభుత్వము వచ్చెను. 1964లో అంగళ్లు జాతీయము చేయబడెను. తరతరములుగా నచ్చట నున్న భారతీయులు లక్షలకొలది కట్టుగుడ్డలతో తిరిగి వచ్చిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు అను పేరు నేటికిని దానికి సాక్షి.

ఇది గతించిన కథ యనుకొనవలదు. నేడు మన బిడ్డలు రంగమునకు మాఱుగా గల్ఫు దేశములకు పోవుచున్నారు. మేస్త్రీకి మాఱుగా ఏజెంటు వచ్చినాడు. అప్పు మాత్రము అదియే. కార్మికులను పంపు దేశములు 2003లో కొలంబోలో సంప్రదింపులు ప్రారంభించెను. 2008లో అబూధాబీలో వారిని పనికి చేర్చుకొను దేశములును కలిసెను. ఆ పీఠములు ప్రభుత్వములవి. బస్తా మోయువానికి అచ్చట ఆసనము లేదు. వాని మాటను అచ్చటికి చేర్చువా రెవరు? మనమే.

కావున నాది మూడు మాటల మనవి. ఒకటి, మన కులములో పరదేశము పోయినవారి పేరు, పని, అప్పు, ఒప్పందము వ్రాయు పుస్తక మొకటి యీ సంఘమున నుంచుడు. రెండు, తిరిగివచ్చినవారి యనుభవములను ఏటేట క్రోడీకరించి, అట్టి సభలకు పోవు అధికారులకు ముందుగా పంపుడు. మూడు, పోవు యువకునకు అచ్చటి భాషయు, చట్టమును మాత్రమే కాక, అచ్చటివారి మనసును తెలిసికొనుటయు నేర్పుడు. ఈ మూడవది మా ముత్తాతగారి తరమువారి కెవ్వరును నేర్పలేదు.

ధనవంతులగు పోషకులు వసతిగృహమున కిచ్చినట్లే ఈ పుస్తకమునకును కొంత యీయవలెను. కాగితమునకును సిరాకును కావలసిన దెంత? మన బిడ్డ యెచ్చట నున్నాడో తెలియకుండుట కంటె అది స్వల్పమే గదా!