పదకొండో మీటరు



అయిదు నిమిషాలే ఇచ్చారు కనుక ఒక్క సంగతే చెబుతాను. 1997లో ఒక కర్మాగారంలో పదకొండు పవర్ మీటర్లను కంట్రోల్ రూము కంప్యూటరుకు కలిపే పని నాకు అప్పగించారు. పాత ఆర్‌ఎస్-232 పదిహేను మీటర్లకే ఆయాసపడేది. ఆర్‌ఎస్-485 రెండు తీగల మీద 1200 మీటర్ల దాకా పోతుంది. నేను ఒక్కో మీటరుకూ విడిగా కేబుల్ గీశాను. కాంట్రాక్టరు దగ్గరి కుర్రవాడు, "సార్, ఒకదాన్నుంచి ఒకదానికి దండలా పోవాలేమో" అన్నాడు. "నాకే పాఠం చెబుతావా?" అని కసిరాను.

రీడింగులు కాసేపు వచ్చేవి, కాసేపు పోయేవి. కనెక్షన్లు సరిగా ఇవ్వలేదని నేనే రాసి సంతకం చేశాను. ఆ అబ్బాయిని పనిలోంచి తీసేశారు.

నెల తర్వాత గాని మాన్యువల్ తీరిగ్గా చదవలేదు. అతను చెప్పినట్టే దండ గుచ్చి, రెండు కొసలా 120 ఓముల రెసిస్టర్లు పెట్టి, షీల్డును ఒక్క వైపే ఎర్త్ చేశాను. పది మీటర్లు పలికాయి. పదకొండోది మూగ.

తప్పు నాదేనని మరో కాగితం రాసి అతన్ని పిలిపించాను. వచ్చి చూసి, "ఇది వేరే కంపెనీది సార్, ఏ, బీ గుర్తులు తారుమారు" అంటూ తీగలు మార్చాడు. మీటరు పలికింది. క్షమించమనడానికి నాకు నోరు రాలేదు. టీ మాత్రం తెప్పించాను.