పొగాకు చివరి రెలుపు: బ్యారన్ దగ్గర నేను చేసిన తప్పు

పోయిన ఎపిసోడ్‌లో నారు, నాటు, తల తుంచడం దాకా చెప్పుకున్నాం. చాలామంది "అన్నా, బ్యారన్ లోపల చూపించు" అని అడిగారు. చూపిస్తా. కానీ ఈసారి చూపించేది బాగా కాలిన బ్యారన్ కాదు, నేను పాడుచేసిన బ్యారన్. ఎడిట్‌లో తీసేద్దామని కూడా అనుకున్నా. తర్వాత, తీసేస్తే ఇక చెప్పడానికి ఏముంది అనిపించింది.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. మాది ప్రకాశం జిల్లా, కొండపి వైపు. నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మానేసి వచ్చినవాణ్ణి. నాన్న వర్జీనియా పొగాకు వేస్తాడు. నేను వీడియోలు తీస్తా, మధ్యలో కట్టెలు మోస్తా. అంతే నా అగ్రికల్చర్.

పొగాకు వరిలాగా ఒక్కరోజులో కోసేది కాదు. ఆకు కింద నుంచి పైకి పండుతుంది. కాబట్టి అడుగు ఆకులు రెండు మూడు కోసి, వారం ఆగి, పైవి ఇంకో రెండు మూడు. ఈ కోతనే మా వైపు రెలుపు అంటారు. జనవరిలో మొదలైతే మార్చి దాకా ఆరేడు రెలుపులు నడుస్తాయి. కోసిన ఆకుని ఆడవాళ్లు చెట్టుకింద కూర్చుని కర్రకి అటు కొంత ఇటు కొంత దారంతో అల్లుతారు. ఆ చేతుల వేగాన్ని స్లో మోషన్‌లో తీసినా నాకు సరిగ్గా అర్థం కాలేదు.

ఇక్కడొక జాగ్రత్త. మంచు ఆరకముందే ఆకు కోయకండి. తడి ఆకు మీద నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. మొదటి సంవత్సరం నేను షాట్ కోసం తెల్లారుజామునే చేలో దిగి, టీ షర్టు మొత్తం తడుపుకుని, పదింటికల్లా తల తిరిగి వాంతులు చేసుకున్నా. ఎండదెబ్బ అనుకున్నా. ఆకు అల్లే పెద్దమ్మ ఒకామె నవ్వి, "ఎండ కాదు అబ్బాయ్, ఆకు ఎక్కింది నీకు. పోయి సబ్బుతో కడుక్కో, చొక్కా మార్చు" అంది. వాళ్లకిది ప్రతి ఏడూ ఉండేదే. కూలి డబ్బుల్లో దీని లెక్క ఎక్కడా ఉండదు.

సరే, బ్యారన్. ఇటుక గోడల గది, మాది పదహారు అడుగుల నిడివి, పదహారు వెడల్పు, ఎత్తూ దాదాపు అంతే. లోపల అంతస్తులుగా దూలాలు, వాటిమీద ఆరేడు వందల కర్రలు వేలాడతాయి. పొయ్యి నోరు బయట ఉంటుంది. మంట వేడి రేకు గొట్టాల్లో గదంతా తిరిగి, పొగ మాత్రం చిమ్నీలోంచి బయటికి పోతుంది. అంటే ఆకుకి పొగ తగలకూడదు, వేడి మాత్రమే తగలాలి. పొగాకు కదా, పొగబెడతారేమో అని నా ఫ్రెండ్స్ సగం మంది అనుకుంటారు.

మామూలుగా ఐదారు రోజులు పడుతుంది. మొదట 90 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్‌లో, గవాక్షాలు మూసి, ఆకుని పసుపు రంగుకి పండిస్తారు. తర్వాత గవాక్షాలు తెరుస్తూ మెల్లగా 120కి. అక్కడ రంగు నిలబడుతుంది. 140 దాకా పోయేసరికి ఆకు రెక్క ఆరుతుంది. చివర్లో అన్నీ మూసి 160కి తీసుకెళ్తే నడిమి ఈనె ఆరుతుంది. ఈనె విరిస్తే పుల్లలాగా టప్పున విరగాలి. వంగిందంటే ఇంకా తడుంది, అది మండెలో బూజు పట్టిస్తుంది.

ఈ నంబర్లన్నీ నా దగ్గర ఉన్నాయి. అసలు సమస్య అదే.

మొన్న మార్చిలో చివరి రెలుపు సమయానికి నాన్నకి ఒంగోలులో కంటి ఆపరేషన్ అయింది. పొయ్యి దగ్గరికి, పొగ దగ్గరికి వెళ్లొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. "ఈ ఒక్క లోడు నేను చూసుకుంటా నాన్నా" అన్నా. ఆయన కాసేపు మాట్లాడలేదు. "కొస ఆకు రా. మొండిది. తొందరపడమాక" అన్నాడు. సరే సరే అన్నా.

నేను ఆ సీజన్ మొదట్లోనే బ్యారన్‌లో ఒక సెన్సర్ పెట్టా. ఐదు నిమిషాలకోసారి వేడి, తేమ ఫోన్‌కి వస్తాయి. మధ్య ఆకు లోడు నాన్న కాల్చినప్పుడు గంటగంటకీ రికార్డ్ చేసి పెట్టుకున్నా. ఆ లోడు చాలా బాగా వచ్చింది, నిమ్మపండు రంగు. ఇంకేం, అదే గ్రాఫ్ ముందు పెట్టుకుని అదే ఫాలో అయిపోదాం అనుకున్నా. మా భాషలో చెప్పాలంటే కాపీ పేస్ట్.

మధ్య ఆకు 38 గంటల్లో పండింది. కొస ఆకు మందం ఎక్కువ, గట్టిగా ఉంటుంది, పండటానికి ఇంకా చాలాసేపు పడుతుంది. నేను రెండో రాత్రి 38 గంటలకి అద్దం కిటికీలోంచి టార్చి వేసి చూశా. కనబడినంత మేర పసుపే. వేడి పెంచడం మొదలుపెట్టా. ఆ కిటికీలోంచి కనబడేది కింది అంతస్తులు మాత్రమే. గొట్టాలకి దగ్గరగా ఉండేవి ముందు పండుతాయి. సెన్సర్ కూడా అక్కడే కట్టా, ఎందుకంటే అక్కడికే నా చెయ్యి అందింది. పైన మూడు అంతస్తుల్లో ఆకు ఇంకా పచ్చగా ఉంది. నాకు తెలీదు.

మూడో రోజు సాయంత్రం నాన్న వచ్చాడు. కంటికి నల్ల అద్దాలు. పొయ్యి దగ్గరికి రాలేదు, బ్యారన్ తలుపుకి పది అడుగుల దూరంలో నిలబడి గాలి పీల్చాడు. "తలుపు తియ్" అన్నాడు. తీశా. నిచ్చెన వేసి పై అంతస్తులోంచి ఒక కర్ర దింపా. ఆకు చివర్లు పసుపు, ఈనె పక్కన మాత్రం పచ్చ మరకలు, గలగలమని ఎండిపోయి ఉన్నాయి. ఇంకో కర్ర. అదీ అంతే.

"ఆకుని చంపేశావు రా" అన్నాడు.

ఆ మాట తిట్టు అనుకున్నా అప్పుడు. తర్వాత కూర్చుని చదివితే, అది అక్షరాలా జరిగిన సంగతి అని తెలిసింది. కోసిన ఆకు వెంటనే చచ్చిపోదు. బ్యారన్‌లో మొదటి రెండు రోజులు అది బతికే ఉంటుంది, ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆ బతికున్న ఆకే తనలోని పచ్చరంగుని విరగ్గొడుతుంది, పిండిని చక్కెరగా మారుస్తుంది. ఆ పని అయ్యేలోపు వేడి పెంచి ఎండబెట్టేస్తే కణాలు చచ్చిపోతాయి, పచ్చరంగు ఉన్నచోటే ఉండిపోతుంది. పని అయ్యాక కూడా తేమలో ఉంచేస్తే ఇంకో రకంగా చెడుతుంది, గోధుమరంగుకి తిరిగిపోతుంది. అంటే మనం చేసేది ఎండబెట్టడం కాదు. దాన్ని ఎప్పటిదాకా బతకనివ్వాలో చూసి, సరిగ్గా అప్పుడు ఆపడం. నేను గడియారం చూసి ఆపా. నాన్న ఆకు చూసి ఆపుతాడు.

"ఇప్పుడేం చెయ్యలేమా?" అని అడిగా. లేదు. కొంచెం లేత పచ్చ ఛాయ ఉంటే మండెలో కొన్ని వారాలకి తగ్గుతుంది. గట్టిగా పట్టినది పోదు. మిగతా రెండు రోజులూ ఆ పాడైన లోడుకే కట్టెలు వేస్తూ కూర్చున్నా. ఒక కిలో ఆకు కాలాలంటే దాదాపు నాలుగైదు కిలోల కట్టె పడుతుంది. మాకు ఆ లోడుకి మూడు క్వింటాళ్లకి పైగా ఆకు వచ్చింది. కట్టె లెక్క మీరే వేసుకోండి. ఆ రెండు రాత్రులూ నేను వేసుకుంటూనే ఉన్నా.

కాలిన ఆకు గలగలలాడుతుంది, అలాగే ముట్టుకుంటే పొడైపోతుంది. అందుకని రాత్రి తలుపులు తీసి మంచుగాలికి మెత్తబడనిచ్చి, తెల్లారుజామున దింపి మండె కట్టాం. తర్వాత గ్రేడింగ్. అక్కడ ఒక చుట్టం వచ్చి, "పచ్చాకు బేలు మధ్యలో పెట్టి పైన మంచాకు వేయండి, ఎవడు చూస్తాడు" అన్నాడు. నిజం చెప్తున్నా, నాకు ఆశ పుట్టింది. తప్పు నాది, నష్టం నాన్నది. దాచేస్తే అందరం బయటపడతాం కదా అనిపించింది. నాన్న మాత్రం, "బేలులో చెయ్యి పెట్టి లాగుతారు. ఒకసారి దొరికితే మన బేళ్లన్నీ అనుమానంగానే చూస్తారు" అని విడిగా కట్టించాడు. విడిగానే వేలానికి వెళ్లింది. మా మంచాకు ధరలో సగానికి కాస్త పైన పలికింది.

కామెంట్లలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "విషం పండించి దాని గురించి ఇంత కబుర్లా?" అని. తప్పించుకోను. మా తాత చుట్ట తాగేవాడు, చివరి రెండేళ్లు దగ్గుతోనే గడిపాడు. నేను తాగను, ఈ వీడియో చూసి ఎవరూ మొదలుపెట్టొద్దు. కానీ నాన్నకి ఈ పంట మానెయ్ అని చెప్పడానికి నా దగ్గర బ్యారన్ అప్పుకి జవాబు ఉండాలి. శనగ, కంది వేసి చూశాం, ఆ డబ్బులు సరిపోలేదు. ఇది సమర్థన కాదు, మా ఇంటి లెక్క.

ఇప్పుడు సెన్సర్లు మూడయ్యాయి, ఒకటి పై అంతస్తులో. నాన్న ఒద్దనలేదు. పైన ఇంకో అద్దం కిటికీ పెట్టించమన్నాడు. వచ్చే సీజన్‌కి పొగాకు బోర్డులో బ్యారన్ రిజిస్ట్రేషన్ చేయించాలా వద్దా అన్నది మాత్రం ఇంట్లో ఇంకా తేలలేదు. అమ్మ వద్దంటోంది. గొట్టాలు కూడా తుప్పుపట్టాయి, మార్చక తప్పదు. నిన్న రాత్రి అన్నం తింటూ నాన్న, "ఆ రేకు గొట్టాల రేటు ఎంతుందో నీ ఫోన్‌లో చూడు" అన్నాడు. అమ్మ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

చూశా. రేటు ఇంకా ఎవరికీ చెప్పలేదు.