మందులు – మెడళ్ళు – మన అలవాట్లు
(కోట్‌పల్లిలో ఆరాధన అనంతరము జరిగిన ఆరోగ్య కూటములో చేసిన ప్రసంగ పాఠము)



నేను వక్తను కాను. ముప్పది యేండ్లకు పైగా మందుల కిటికీ వెనుక నిలుచున్న వాడను. ఈ చుట్టుపట్ల నా పేరు చాలమందికి తెలియదు, “కాంపౌండరయ్య” అంటేనే తెలుస్తుంది. ఫార్మసిస్టు అనే మాట వచ్చి చాల కాలమైనా, నాకు మాత్రము ఆ పాత పేరే మిగిలింది. దానికి నాకేమీ విచారము లేదు.

దవాఖానలకు, నర్సులకు, ఊళ్ళకు ఇచ్చే అవార్డుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినారు. ఆ మాట విని మన యువజనులలో ఒకడు, “దవాఖానకు ప్రైజేంది తాతా, అదేమన్న కబడ్డీ జట్టా?” అన్నాడు. నవ్వినాను గాని, ఇంటికి పోయిన తరువాత ఆలోచించితే అది మంచి ప్రశ్నే అనిపించింది. కొత్త మందు కనిపెట్టిన వానికి బహుమానము ఇస్తే అందరికీ అర్థమవుతుంది. ఉన్న మందునే సరిగా వాడించిన వానికి బహుమానమెందుకు? దానికి జవాబు నా యింటిలోనే ఉన్నది. అదే ముందు చెప్పుకుంటాను.

మా అక్కకు కీళ్ళవాతము. వేళ్ళు వంకరపోయి, తెల్లవారి లేచి చెంబు పట్టుకొనలేని స్థితి వచ్చింది. పట్నములో ఒక పెద్ద దవాఖానకు తోల్కపోయినారు. అక్కడ మెథోట్రెక్సేట్ అనే గోలీ వ్రాసినారు. మంచి మందే, తప్పు లేదు. కాని అది వారమునకు ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మందు. చీటీ మీద “1–0–0” అని అంకెలు వేసి, పైన ఇంగ్లీషులో “వీక్లీ” అని గొలుసుకట్టుగా గీసినారు. దుకాణమువాడు అంకెలు చూచి, పొద్దున ఒకటి అన్నాడు. అక్క దినమూ వేసుకొన్నది. ఎనిమిదవ నాటికి నోరంతా పుండ్లు. అంబలి కూడ దిగలేదు. “వేడి చేసింది” అనుకొని ఇంటివారు మజ్జిగ పోసినారు. నేను పోయి సంచి విప్పి, మిగిలిన గోలీలు లెక్క పెట్టేసరికి నా చేతులు వణికినవి. వేరొక దవాఖానలో చేర్చినాము. రక్తకణములు బాగా పడిపోయినవన్నారు. ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు సూదులు యిచ్చినారు. దేవుని దయవలన దక్కింది.

ఇందులో దొంగతనము లేదు, నకిలీ మందు లేదు, దుర్మార్గుడు కూడ లేడు. వ్రాసినవారు తొందరలో వ్రాసినారు. ఇచ్చినవాడు అడుగలేదు. తిన్న మనిషి చదువలేదు. మందుల కిటికీ వెనుక ముప్పది యేండ్లు నిలుచున్న తమ్ముడు పక్క ఊళ్ళోనే ఉండి చీటీ చూడలేదు. ఆ నాలుగవ తప్పు నాది.

ఇంకొక సంగతి వినండి. ఆ గోలీ పుట్టినది ఒక తెలుగువాని ప్రయోగశాలలో. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు అధిపతిగా ఉన్నప్పుడు, ఆయన బృందము ఫోలిక్ యాసిడ్‌ను, దానికి ఎదురుగా పనిచేసే మందులను తయారు చేసింది. ఆ రెండవ జాతిలోనిదే మెథోట్రెక్సేట్. బోదకాలు పురుగును చంపే డి.ఇ.సి. గోలీ కూడ ఆయన బృందము పనియే. దానిని నేటికీ బోదకాలున్న ప్రాంతములలో ఇంటింటికి పంచుతారు. ఇంత చేసిన మనిషికి నోబెల్ బహుమానము రాలేదు. 1948లో చనిపోయినాడు. మన దేశము 1995లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. బహుమానములు అన్నివేళలా సరియైన గుమ్మము తట్టవని చెప్పుటకే ఈ మాట. ఆ మహానుభావుడు కనుగొన్న మందు మా అక్కను చంపబోయినది ఒక్క మాట చదువకపోవుట వలన. కనిపెట్టుట ఒక పని, వాడించుట వేరొక పని.

ఆ రెండవ పనికి మన తెలంగాణలోనే నూరు సంవత్సరముల క్రిందట ఒక మెడలు దక్కింది. మనలో పెద్దవారికి డిచ్‌పల్లి పేరు తెలిసే యుంటుంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయములో వైద్యపట్టా పొంది, భర్త జార్జి కెర్ గారితో 1907లో నైజాము రాజ్యమునకు వెస్లియన్ మిషను తరఫున వచ్చినది. నిజామాబాదులో పని. కుష్ఠువ్యాధి గలవారు గుమ్మము బయట కూర్చుండుట చూచి, 1911లో వారికొక చిన్న ఆశ్రమము తెరచినారు. త్వరలోనే అది నిండిపోయినది. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద విరాళము ఇచ్చినాడు. అట్లు 1915లో డిచ్‌పల్లికి మారిన ఆ స్థలమే విక్టోరియా దవాఖాన. మన శతజయంతి లెక్కలలో మిషనరీల పేర్లు చాల వ్రాస్తాము. ఆ గౌడు గారి పేరు కూడ అదే పుటలో వ్రాయవలెనని నా మనవి.

ఆ దినములలో కుష్ఠుకు ఉన్న మందు ఒక్కటే, చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. మన దేశములో అది ఎంతో పాతది. కాని త్రాగితే కడుపులో త్రిప్పి వాంతి అవుతుంది. నాలుగు దినములు త్రాగి మానేసేవారు. మందు ఉన్నది, దానిని మనిషి తట్టుకొనలేడు. కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్, ఆయన తరువాత ఎర్నెస్ట్ మ్యూర్ అనే వైద్యులు ఆ నూనెను సూది మందుగా మార్చే పద్ధతులు వృద్ధి చేసినారు. ఇసబెల్ కెర్ ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చినది. సూది మందు అన్నంత మాత్రాన సుఖమనుకోవద్దు. నొప్పి, వాపు, జ్వరము ఉండేవి. నెలల తరబడి, ఒక్కొక్కరికి సంవత్సరముల తరబడి పొడిపించుకోవలె. అంతకాలము రోగి నిలువవలెనంటే సూది ఒక్కటే చాలునా? తిండి కావలె, పుండ్లకు కట్టు కావలె, చేతికి పని కావలె, పేరు పెట్టి పిలిచే మనిషి కావలె. ఆ నూనె పూర్తిగా నయము చేయగల మందు కాదని మనకు నేడు తెలుసు. అయినను తొలి దశలో వచ్చినవారు చాలమంది మేలు పొందినారు. 1923లో ఆమెకు కైసర్-ఇ-హింద్ మెడలు ఇచ్చినారు. కొత్త మందు కనిపెట్టినందుకు కాదు, ఉన్న మందును ఓపికతో మనుష్యులకు అందించినందుకు. 1932లో ఆమె చనిపోయినది.

తరువాతి కథ క్లుప్తముగా చెప్తాను. 1940ల తరువాత డాప్సోను గోలీలు వచ్చినవి. ఒక్క మందే వాడగా వాడగా క్రిమి మొండికేసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇవ్వవలెనన్నది. ఆ మందులు దినముల వరుసలో అమర్చిన అట్టలలో, క్యాలెండరు వలె వస్తాయి. నన్నడిగితే ఆ అట్ట చేసినవానికి కూడ ఒక మెడలు ఇయ్యవచ్చును. చదువురాని తల్లి కూడ ఏ దినము గోలీ తప్పిందో ఖాళీ గుంట చూచి చెప్పగలదు.

ఇక మన ప్రాంతపు జబ్బు దగ్గరికి వస్తాను. అనంతగిరి గుట్ట మీది టి.బి. శానటోరియము ఎంత పేరున్నదో మీకు చెప్పనక్కరలేదు. మంచి గాలి కొరకు ఎక్కడెక్కడి నుండో రోగులు వచ్చేవారు. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలు పెట్టినారు. సగము మంది రోగులను శానటోరియములో, సగము మందిని వారి యిరుకు ఇండ్లలోనే ఉంచి, ఒకే మందులు సంవత్సరము పాటు ఇచ్చినారు. 1959లో ఫలితము అచ్చయినది. ఇంటి దగ్గర మందు సరిగా వేసుకొన్నవారు ఇంచుమించు గుట్ట మీద ఉన్నవారి వలెనే బాగుపడినారు, ఇంటిలోని వారికి ప్రత్యేకముగా ఎక్కువ ప్రమాదమూ కలుగలేదు. దానితో లోకమంతట టి.బి. వైద్యము మారినది. గాలి కంటె గోలీ ముఖ్యమని, గోలీ కంటె అది తప్పకుండ మ్రింగుట ముఖ్యమని తేలింది.

తాండూరు నాపరాతి గనులలో, పాలిషు మిషన్ల దగ్గర పనిచేసే మన పిల్లలు ఉన్నారు. ఆ రాతి పొడి ఊపిరితిత్తులలో చేరితే టి.బి. తొందరగా పట్టుకుంటుంది. మందు సాధారణముగా ఆరు నెలలు, మొదటి రెండు నెలలు నాలుగు రకములు. నెల తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. “నాకు నయమైంది కాంపౌండరయ్యా” అని మానేస్తారు. మరికొందరు మూత్రము నారింజ రంగులో రాగానే రక్తమనుకొని భయపడి మానేస్తారు. అది రిఫాంపిసిన్ రంగు, భయము లేదు. మధ్యలో మానితే మిగిలిన క్రిమి మందుకు లొంగదు. అప్పుడు వైద్యము కష్టము, ఇంటిల్లిపాదికీ ప్రమాదము.

అందుకే 2023 నుండి ప్రభుత్వము “టి.బి. ముక్త పంచాయతీ” అని ఊరికే బహుమానము పెట్టినది. మొదటి సంవత్సరము కంచు గాంధీ బొమ్మ, వరుసగా రెండవ యేడు వెండిది, మూడవ యేడు బంగారుది. వెయ్యిమంది జనాభాకు యేడాదిలో కనీసము 30 మందికి పరీక్షలు జరుగవలె. వెయ్యికి ఒకటి కంటె ఎక్కువ కేసులు ఉండరాదు. చికిత్స పొందినవారిలో నూటికి 85 మంది అయినా బాగుపడవలె. రోగులకు పోషణ డబ్బు అందవలె. అది 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలై, 2024 నవంబరు నుండి 1000 అయినది.

ఇందులో 85 మంది నియమము నాకు బాగా నచ్చినది. వెయ్యికి ఒకటి అనేదే కొంచెము భయము. బొమ్మ కొరకు ఆశపడి ఊరు తన రోగిని దాచిపెట్టవచ్చును గదా! ఆ 30 పరీక్షల నియమము దానికి కొంత విరుగుడే, కాని పూర్తి విరుగుడు మనమే. ఫలానా వారింట్లో టి.బి. ఉన్నదని పెండ్లి సంబంధము తప్పించే మాటలు మన మధ్యనే పుట్టుచున్నవి, బయటినుండి వచ్చుట లేదు. దాచిన రోగి మందు దాచుకొని వేసుకుంటాడు, ఒకనాడు వేసుకోడు.

నర్సులకు 1973 నుండి ఫ్లారెన్స్ నైటింగేల్ పేర జాతీయ అవార్డు ఉన్నది. దవాఖానల శుభ్రతకు 2015లో కాయకల్ప అవార్డు వచ్చినది. నూటికి 70 మార్కులు దాటవలె, జిల్లాలో మొదటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు రెండు లక్షల రూపాయలు. మార్కులు వేసేవారు వస్తున్నారని తెలిసి ఆ వారము మాత్రమే గోడలు కడిగితే లాభము లేదు. అట్లు కడిగినవారిని నేను చూచినాను, ఎక్కడని అడుగకండి.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ “మందుల వలన హాని కలుగరాదు” అని అన్ని దేశములను హెచ్చరించినది. 2022 సెప్టెంబరు 17న రోగుల భద్రతా దినమును ఆ అంశము మీదనే జరిపినారు. కాబట్టి మా అక్క సంగతి ఒక్క మా యింటి సంగతి కాదు. 2021 సెప్టెంబరు 11న మన వికారాబాదులోనే డ్రోనులతో ఆకాశము మీదుగా మందులు పంపే ప్రయోగము ప్రారంభించినారు, కేంద్ర మంత్రి కూడ వచ్చినారు. చాల సంతోషము. కాని అరచేతి నుండి నోటి వరకు ఉన్న జానెడు దూరమునకు ఏ డ్రోనూ రాదు.

చివరగా ఒక పని. వచ్చే ఆదివారము ఆరాధన తరువాత నేను గుడి అరుగు మీద కూర్చుంటాను. మీ యింటిలోని మందుల సంచి, చీటీలతో సహా తీసికొని రండి. బి.పి., షుగరు, కీళ్ళు, మూర్ఛ, ఏదైనా సరే. ఏది వారమునకు ఒకసారిదో, ఏది దినమూ వేసుకోవలసినదో అట్ట మీద పెద్ద అక్షరములతో వ్రాసి ఇస్తాను. చదువురానివారికి పొద్దుకు సూర్యుని బొమ్మ, రాత్రికి చంద్రుని బొమ్మ గీస్తాను. గడువు తీరినవి వేరు చేస్తాను. మందు మార్చే అధికారము నాకు లేదు, సందేహముంటే డాక్టరు గారి దగ్గరికే పంపుతాను. టి.బి. మందులు ఉన్నవారు నలుగురిలో రానక్కరలేదు, చీకటిపడిన తరువాత ఇంటికి రండి. మొదటి సంచి మా అక్కదే. ఆమె మళ్ళీ అదే గోలీ వాడుచున్నది, ఆదివారము మాత్రమే. గుడికి బయలుదేరే ముందు వేసుకుంటుంది, మరువకుండుటకు.