సిపాయి దేహదారుఢ్యము
(పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



మన పట్టణమున నలుగురు యువకులు సైన్యములో చేరవలయునని యెనిమిది నెలలు శ్రమించిరి. ఒకడు కాలియెముక బీటవాఱి యెంపికదినమునకు ముందే మంచమెక్కెను. ఇరువురు పరుగులో వెనుకబడిరి. నాలుగవవాడు పరుగున నెగ్గి, 9 అడుగుల గోతిని దాటలేక తిరిగివచ్చెను. ప్రతిదినము బైపాసురోడ్డుపై 1600 మీటర్లు పరుగెత్తినవాడే. గోతి నొక్కమాఱైనను దాటి చూచినవాడు కాడు. వారిని చిన్నపుచ్చుటకై మేమీ సంగతి చెప్పుటలేదు. గడియారము చేతబట్టి రోడ్డుప్రక్క నిలిచి, ఇంకను రెండు సెకండ్లు తగ్గింపుమని కేకలు వేసినవారము మేమే. తప్పు మాది.

సైన్యపు టెంపికలోనే పరుగుతోపాటు దండెము పట్టి గడ్డము పైకి వచ్చునట్లు లేచుట (యువకులు పుల్లప్పులందురు), గోతిని దాటుట, వంకరటింకర దూలముపై తూలక నడచుట యున్నవి. మనము వీనిలో నొక్కదానినే పట్టుకొంటిమి. తాలింఖానాలలో నిందుకు విపరీతము. అచట కండలు పెరుగును. ఆ కండలవాడు రెండు మైళ్లు నడచినచో రొప్పును. ఏనుగును ఱొమ్ముపై నిలుపుకొనిన కోడి రామమూర్తిగారు మన యాంధ్రులని మాకును గర్వమే. కాని మల్లుని బలము వేఱు, సిపాయి బలము వేఱు. సిపాయికి తానేపని చేయవలసివచ్చునో ముందుగా తెలియదు.

డ్రోనులు వచ్చిన యీకాలమున కండలేల యని మా న్యాయవాదమిత్రు డొకరు ప్రశ్నించిరి. 1982 ఫాక్‌లండు యుద్ధమే దీనికి జవాబు. ఆంగ్లేయసేనలు శాన్ కార్లోసు తీరమున దిగిరి. వారిని మోసికొనిపోవలసిన షినూకు హెలికాప్టర్లలో మూడు, మే 25వ తేదీన అట్లాంటిక్ కన్వేయరు అను నోడతో నాశనమయ్యెను. ఇక పాదములే దిక్కు. ఒక్కొక్కడు సుమారు 36 కిలోల బరువును వీపున మోయుచు, తడినేలపై దాదాపు 90 కిలోమీటర్లు నడచిరి. నడచి విశ్రమించిరా? లేదు. రాత్రివేళ కొండలెక్కి పోరాడిరి. ఇట్టిపనికి ఊపిరి యొక్కటి చాలదు. నడుము, భుజము, చీకటిలో రాళ్లపై తడబడని పాదము, అన్నియు వలయును. యంత్రము చెడిననాడే మనుష్యుని పరీక్ష.

యంత్రములకు కొదువలేని అమెరికా సైన్యమే చూడుడు. 1980 మొదలు నలుబదియేండ్లు దండీలు, పండుకొని లేచుట, రెండుమైళ్ల పరుగు, ఈ మూటితోనే సిపాయిని పరీక్షించెను. 2022లో ఆఱంశముల పరీక్షను బెట్టెను. నేలనుండి బరువెత్తవలయును, చేతికి 40 పౌనుల చొప్పున పట్టుకొని పరుగెత్తవలయును, 90 పౌనుల బరువు వేసిన బండను తాళ్లతో లాగవలయును. గాయపడిన తోడివానిని గుండ్లవర్షము నుండి లాగి తేవలసినవానికి, ఇది గదా తగిన పరీక్ష! 2025లో బంతి విసరుటను తొలగించిరి గాని, బరువుపనులను తొలగింపలేదు.

ఇది క్రొత్తమాటయును గాదు. సుమారు 1600 యేండ్ల క్రిందట వెజీషియస్ అను రోమకుడు, క్రొత్తసిపాయికి నడకయు, పరుగును, దుముకుటయు, ఈతయు, మూటమోతయు నేర్పవలయునని వ్రాసినాడు.

మఱియొక సంగతి. దారుఢ్యమనగా తొందర గాదు. 1962లో మైదానములనుండి నామ్కాచు ప్రాంతమునకు హడావిడిగా పంపబడిన మన జవానులు, ఎత్తునకును చలికిని అలవాటుపడకయే నూలుదుస్తులతో శత్రువు నెదుర్కొనవలసివచ్చెను. తరువాత మన సైన్యము నిలుకడగా పాటించుచున్న లెక్క యిది: 9,000 అడుగులు దాటిన ఆఱు దినములు, 12,000 దాటిన మఱి నాలుగు, 15,000 దాటిన ఇంకొక నాలుగు దినములు ఆగి దేహమును అలవాటుపఱుపవలయును. ఎంతటి వస్తాదునకును మినహాయింపు లేదు. ఎముక బీటవాఱిన మన బాలునికిని ఈ న్యాయమే వర్తించును. ఎంపిక దగ్గఱపడెనని పరుగును ఒక్కసారిగా రెట్టింపు చేయించితిమి. ఎముక గట్టిపడుటకు దినములు కావలయునని తలంపకపోతిమి.

కావున వచ్చు సోమవారము ఉదయము 5 గంటలనుండి పరుగు దినము విడిచి దినము మాత్రమే. నడుమదినములలో కాలువలో ఈత, ఇసుకమూటల మోత, దండెము. ఆదివారము విశ్రాంతి. గ్రంథాలయము వెనుకనున్న ఖాళీస్థలమున 9 అడుగుల గోతిని త్రవ్వుటకు కార్యదర్శిగా రనుమతించిరి. గడ్డపారలు మాయొద్ద రెండున్నవి. పారలు మీరు తీసికొనిరండు.