కర్ర కొన్నంతనే విసురు అలవడునా?



ఆట సామగ్రిని తయారుచేసే కంపెనీలు ఆట నేర్పే పత్రికలను కూడా ప్రచురించడం చాలాకాలంగా ఉన్న ఆచారం. అమెరికాలో స్పాల్డింగ్ కంపెనీ ఒక చేత్తో బంతులూ, గాల్ఫ్ కర్రలూ అమ్ముతూ, రెండవ చేత్తో ‘స్పాల్డింగ్ అథ్లెటిక్ లైబ్రరీ’ పేర ఆటల బోధినులను అచ్చువేసింది. ఆ కంపెనీ బంతి ‘వార్డన్ ఫ్లయర్’ ప్రచారానికై సుప్రసిద్ధ క్రీడాకారుడు హ్యారీ వార్డన్ 1900లో అమెరికా అంతటా పర్యటించి ఆడి చూపాడు. బెన్ హోగన్ 1953లో గాల్ఫ్ కర్రల కంపెనీ స్థాపించి, 1957లో ఒక వారపత్రికలో అయిదు పాఠాలు ప్రకటించాడు. అవి నేటికీ ప్రామాణికాలుగా మన్నన పొందుతున్నాయి. కనుక అమ్మేవాడు చెప్పినంత మాత్రాన సలహా చెడ్డదని త్రోసిపుచ్చరాదు.

బత్తలపల్లిలో ఉన్నవారికి గాల్ఫ్‌తో పని ఏమని మీరడగవచ్చు. ఆ ఆట చూడాలంటే హిందూపురం దాటి బెంగుళూరు పోవలసిందే. అక్కడ 1876 నుంచీ గాల్ఫ్ క్లబ్బు ఉన్నది. అయితే టెన్నిసు బ్యాటో, హాకీ కర్రో, క్రికెట్ బ్యాటో కావాలని పిల్లవాడు మారాం చేయని ఇల్లు ఏ ఊళ్ళోనూ ఉండదు. 2010లో అనంతపురంలో నడాల్ పేరిట టెన్నిసు పాఠశాల వెలసిన తరువాత మన పల్లె పిల్లలకు కూడా ఆ ఆట పరిచయమయింది. వేరుశనగ పంట మీద బ్రతికే సంసారంలో ఏ వస్తువుకు ఎంత ఖర్చుపెట్టాలన్నది చిన్న ప్రశ్న కాదు.

గాల్ఫ్ విసురునే తీసుకుందాం. బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు. కర్ర దానిని తాకే కాలం సెకనులో సుమారు రెండువేలవ వంతు. ఆ క్షణంలో దిద్దుకొనడానికి వ్యవధి లేదు. ఫలితమంతా అంతకు ముందే, పట్టులోనూ, పాదాల నిలకడలోనూ, నడుము తిరుగుటలోనూ నిర్ణయమై ఉంటుంది. కట్టెలు కొట్టేవారిని గమనించండి. అనుభవం లేనివాడు గొడ్డలిని బిగబట్టి, భుజబలంతో తోస్తాడు. వాని చేతులు బొబ్బలెక్కుతాయి. ఆరితేరినవాడు గొడ్డలి బరువునే పని చేయనిస్తాడు. గాల్ఫ్ గురువులు చెప్పేదీ ఇదే: పట్టు మరీ బిగించవద్దు, తొందరపడవద్దు, దెబ్బ తరువాత కూడా తూకం తప్పవద్దు.

ఇట్టి సలహాకు ఒక పరీక్ష ఉన్నది. మీ చేతిలో ఇప్పుడున్న పాత కర్రతోనే దానిని సాధన చేయవచ్చునా? చేయవచ్చునంటే అది పాఠం. కొత్త కర్ర కొంటేగాని ఫలించదంటే అది ప్రకటన. ఆటను శాసించేవారికి కూడా ఈ ఆశ ప్రమాదం తెలియకపోలేదు. సంచులు బరువెక్కుతూ ఉండగా, ఒక ఆటగాడు 14 కర్రలకు మించి తీసుకుపోరాదని అమెరికాలో 1938లో నియమం విధించారు.

సామగ్రి అసలే ముఖ్యం కాదని నేననను. పిల్లవాని ఎత్తుకు మించిన కర్ర ఇస్తే వాడు నడుము వంకరగా నిలుస్తాడు. ఆ వంకర అలవాటవుతుంది. కొలతకు సరిపోయేది కావాలి. అంతకుమించిన మెరుగు తరువాత చూసుకోవచ్చు.

కలకత్తా రాయల్ క్లబ్బు 1829 నాటిది. అక్కడ పచ్చిక సంరక్షించే ఉద్యోగి కుమారుడు చౌరాసియా చూచి చూచి ఆట నేర్చి, 2016లోనూ, 2017లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. బెంగుళూరులో ఇతరుల కర్రల సంచి మోసిన మునియప్ప 2009లో అదే పోటీ గెలిచాడు. వారికి ముందుగా దొరికింది, మంచి ఆటగాళ్ళను రోజూ దగ్గర నుంచి చూచే అవకాశం.

పత్రిక చదవండి. కాని పత్రిక మిమ్మల్ని చూడలేదు. మోచేయి తిన్నగా ఉన్నదని మీరనుకొంటారు. ఎదుట నిలిచినవారికి అది వంగి కనబడుతుంది. అందుచేత వారానికి ఒకే సలహా తీసుకోండి, ఎదుట ఒకరిని నిలబెట్టి సాధన చేయండి. పిల్లవానికి కొత్త బ్యాటు కొనే ముందు, ఆ డబ్బులో కొంత వానిని గురువు దగ్గరకు పంపే బస్సు ఛార్జీకి ఉంచండి.