పని ఎంతవరకు వచ్చింది?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాఫ్ట్‌వేరు పనులను ఎలా నడుపుతారు, అవి ఎంతవరకు వచ్చాయో ఎలా లెక్క చూసుకుంటారు అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఫైళ్ల మధ్య జీవితం గడిపిన గుమాస్తాకు ఈ సంగతి దేనికని మీలో కొందరు అనుకోవచ్చు. అయితే మన పెన్షను, మన పిల్లల జీతాలు ఈనాడు కంప్యూటరు ద్వారానే వస్తున్నాయి. అందులో తేడా వస్తే ముందుగా తెలిసేది మన పాస్‌బుక్కులోనే.

మనకు తెలిసిన చోటి నుంచే మొదలుపెడతాను. సెక్షనులో ప్రతి గుమాస్తాకూ ఒక పర్సనల్ రిజిస్టరు ఉండేది. వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు, తేదీ, విషయం, చివరకు ఎలా పరిష్కారమైందీ అందులో ఎక్కాలి. సూపరింటెండెంటుగారు ఆ రిజిస్టరు తెప్పించుకుంటే పెండింగు ఎంతో తెలిసిపోయేది. "అయిపోవచ్చిందండీ" అనే మాటకు అందులో గడి లేదు.

సాఫ్ట్‌వేరు కంపెనీలలో ఇదే పని ఇప్పుడు తెర మీద జరుగుతోంది. పెద్ద పనిని చిన్న చిన్న పనులుగా విడగొట్టి, ఒక్కొక్కదానికీ నంబరు ఇచ్చి, అది ఎవరి పేరున ఉందో వ్రాస్తారు. చాలాచోట్ల రెండేసి వారాల గడువు పెట్టుకుంటారు. రోజూ కాసేపు సమావేశమై ఎవరి పని ఎక్కడ ఆగిందో చెప్పుకుంటారు. మిగిలిన పని ఎంత తగ్గుతోందో గీత గీసి చూపుతారు.

కాని రిజిస్టరు ఉన్నంత మాత్రాన నిజం ఉన్నట్టు కాదు. ఇప్పట్లో చర్య అవసరం లేని ఫైళ్ల కోసం మనకు కాల్‌బుక్ ఉండేది. తనిఖీ వస్తున్నదంటే తెమలని ఫైళ్లను కూడా అందులోకి నెట్టి, పెండింగు తగ్గించి చూపే ఘనులూ ఉండేవారు. సాఫ్ట్‌వేరులోనూ ఈ జబ్బు ఉంది. నూటికి తొంభై పాళ్లు అయిందంటారు. మిగిలిన పది పాళ్లకు మళ్లీ అంత కాలమూ పడుతుంది. ఇల్లు కడుతుంటే గోడ ఎంత లేచిందో దారిన పోయేవారికి కూడా కనబడుతుంది. ప్రోగ్రాము అలా కనబడదు. విడివిడిగా వ్రాసిన ముక్కలను కలిపి నడిపినప్పుడే చాలా తప్పులు బయటపడతాయి. అందుకే తెలిసినవారు 'ఎన్ని పాళ్లయింది?' అని అడగరు. 'పరీక్షకు నిలిచినవి ఎన్ని?' అని అడుగుతారు.

ఆలస్యమైతే మరో పదిమందిని వేస్తే సరిపోదా అని సందేహం రావచ్చు. 1960 దశకంలో ఐ.బి.ఎం. కంపెనీలో సిస్టం 360 యంత్రాల ఆపరేటింగ్ సిస్టం తయారీకి నాయకత్వం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ గారు 1975లో ఒక పుస్తకం వ్రాశారు. ఆలస్యమైన పనికి మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని ఆయన తేల్చారు. కొత్తవారికి పాతవారే నేర్పాలి కనుక ఉన్న పనీ ఆగుతుంది. పైగా ముగ్గురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జతలు 3. పదిమంది అయితే 45.

ఇప్పుడు మనకు బాగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటి మనవి చేస్తాను. కెనడా ప్రభుత్వం 'ఫీనిక్స్' అనే జీతాల సాఫ్ట్‌వేరును 2016 ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల్లో రెండు విడతలుగా అమలులోకి తెచ్చింది. అక్కడ సుమారు 2 లక్షల 90 వేల మంది ఉద్యోగులు, 80 వేలకు పైగా జీతాల నిబంధనలు. ఖర్చు, గడువు సరిపోవని తెలిసినప్పుడు వాటిని పెంచమని అడగలేదు. చేయవలసిన పనుల్లో వందకు పైగా తీసివేశారు, లేదా వాయిదా వేశారు. వాటిలో వెనుకటి తేదీ నుంచి ఎరియర్స్ కట్టే పని ఒకటి! ఒక శాఖలో ముందుగా నడిపి చూద్దామన్న ప్రయోగాన్నీ రద్దు చేశారు. జీతాల లెక్కలు చూసే అనుభవజ్ఞులైన సిబ్బంది స్థానే తక్కువమందితో కొత్త కేంద్రం పెట్టారు.

ఫలితంగా కొందరికి జీతం తక్కువ వచ్చింది, కొందరికి ఎక్కువ వచ్చింది, కొందరికి అసలు రాలేదు. 2017 జూన్ ఆఖరుకు లక్షా 50 వేల మందికి పైగా ఉద్యోగుల జీతాల సవరణలు పెండింగులో ఉన్నాయి. ఆ దేశపు ఆడిటర్ జనరల్ 2018లో ఇచ్చిన నివేదికలో, పని నడిపిన అధికారులు తమకు తెలిసిన పెద్ద లోపాలను శాఖాధిపతికి చెప్పలేదని వ్రాశారు. అంతా సిద్ధమనే మాట పైకి వెళ్లింది, లోపాల జాబితా క్రిందనే ఉండిపోయింది. ఆ విధానం నుంచి బయటపడాలని ప్రభుత్వం అదే ఏడాది ప్రకటించింది.

మిత్రులారా, ఇందులో మన సంఘానికి పని ఉంది. జీతాల, పెన్షన్ల సాఫ్ట్‌వేరు మారుస్తున్నామని ఎప్పుడు చెప్పినా మనం మూడు విషయాలు వ్రాతపూర్వకంగా అడగాలి. ఒకటి, పాత పద్ధతిని, కొత్త పద్ధతిని కొన్ని నెలలు పక్కపక్కన నడిపి, మొత్తాలు సరిపోయాయో లేదో చూశారా? రెండు, మామూలు పెన్షనుతోనే కాక ఫ్యామిలీ పెన్షను, ఎరియర్స్, కమ్యుటేషన్ రికవరీ ఆగవలసిన నెల వంటి చిక్కు కేసులతో పరీక్షించారా? మూడు, లోపం కనబడితే ఆపించే అధికారం ఎవరిది? భర్త పోయిన వృద్ధురాలికి పెన్షను మూడు నెలలు ఆగితే 'సిస్టంలో ఉందమ్మా' అనే సమాధానం మందులు కొనిపెట్టదు.

చివరగా ఒక మాట. మన పిల్లలు ఎందరో హైదరాబాదు, బెంగుళూరులలో, అమెరికాలో ఇదే పనిలో ఉన్నారు. కూర్చుని చేసే ఉద్యోగమేగా అని వారిని తీసిపారేయకండి. వారిలో పై పదవిలో ఉన్నవారికి మాత్రం ఒక సంగతి చెప్పండి. ఆలస్యమైందని నిజం చెప్పినవాడిని కసిరితే, మరునాటి నుంచి అబద్ధాలే వినవలసి వస్తుంది. ఏ ఆఫీసులోనైనా ఇంతే.