పెరట్లో తేనెపిట్ట

మిత్రులారా, క్లాసులో ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేక మాస్టార్ల చేత తిట్లు తిన్నవాణ్ణి నేనే. ఆ కుదురు నాకు 64వ ఏట వచ్చింది.

మా ఆవిడ పోయిన తర్వాతి చైత్రమాసం. ఇంట్లో ఉండబుద్ధి కాక పొద్దున్నే పెరట్లో కుర్చీ వేసుకునేవాణ్ణి. ఆవిడ కట్టిన బట్టల తీగకి ఓ తేనెపిట్ట సాలెగూటి పోగులతో, ఎండుగడ్డితో గూడు అల్లుతోంది. అల్లేది ఆడపిట్ట ఒక్కతే. నల్లగా, నీలంగా మెరిసే మగపిట్ట చుట్టూ తిరుగుతూ కూస్తుందంతే. నవ్వకండి, మన ఇళ్లలో మాత్రం?

నేను కదిలితే అది ఎగిరిపోయేది. అందుకని కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. రెండు వారాలు పొదిగింది. పిల్లలు ఎగిరేదాకా ఆ తీగ మీద బట్టలు ఆరెయ్యలేదు. ఎగిరిన రోజు పొద్దున, ఆవిడ పోయాక మొదటిసారి, నా చేత్తో కాఫీ పెట్టుకున్నాను.

గూడు ఇంకా తీగకే ఉంది.